గరిటెలో చూసుకున్న ముఖం

అద్దాల దుకాణంలో ఫ్రేములు బిగించే ఆ నవ్వులమారి మనిషికి ముప్ఫై ఏళ్లు దాటేదాకా తన ముఖం ఎలా ఉంటుందో తెలియదంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ, ఆమెకు పోయేదేముంది!

ఆమే, వాళ్లక్కా పెరిగింది పై అంతస్తులో రెండు గదుల్లో. తండ్రి కిటికీ అద్దాలకు రంగు పూసేశాడు. ముఖం చూసుకునే అద్దం ఇంట్లో లేనే లేదు. సరుకులు తాడు కట్టిన బుట్టలో పైకొచ్చేవి. తండ్రి పోయాక తలుపు తాళంచెవి అక్క మెడలోకి చేరింది.

"నీ ముఖం చూస్తే జనం హడలి చస్తారే. నేను కాబట్టి భరిస్తున్నా," అనేది అక్క, తల దువ్వుతూ, ఎంతో ప్రేమగా.

అనుమానం వచ్చినప్పుడల్లా చెల్లెలు స్టీలు గరిటె తిప్పి చూసుకునేది. ఉబ్బిన ముక్కు, సాగిన దవడలు, చెవుల దాకా పాకిన నోరు. అక్క చెప్పింది అక్షరాలా నిజం!

ఒక పొద్దున అక్క ఒళ్లు కాలిపోతోంది. పిలిస్తే పలకడం లేదు. ఉన్న ఒక్క మనిషీ పోతే ఎలాగని చెల్లెలు భయపడింది. అక్క మెడలోంచి తాళంచెవి తీసి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, బయట తాళం వేసి మెట్లు దిగింది.

వీధిలో పడగానే కళ్లు తిరిగాయి. ఎంత చోటు! ఎన్ని రకాల చెప్పులు! స్కూటర్ హారన్ కొడితే తననే పలకరించిందనుకుని తలూపింది. భయపడాల్సింది పోయి ఒకటే నవ్వు, ఆగితే ఒట్టు. ఆ నవ్వులో తువ్వాలు ఎక్కడ జారిపోయిందో తెలియదు. మలుపులో ఒకావిడ ఎదురుపడింది, ఆవిడా పళ్లికిలిస్తూనే.

"జడుసుకోకండి. మందుల కొట్టెక్కడో చెబితే వెళ్లిపోతా."

ఆవిడ పెదాలాడించిందే కానీ పలకలేదు. పక్కకు తప్పుకుంటే ఆవిడా అటే తప్పుకుంది.

"అది అద్దం తల్లీ, అమ్మకానికి పెట్టాం," అన్నాడు లోపల్నుంచి దుకాణం పెద్దాయన. "అందులో ఉన్నది నువ్వే."

"కాదండీ, నా ముఖం ఘోరంగా ఉంటుంది. రోజూ గరిటెలో చూసుకుంటాగా!"

"గరిటెలో చూస్తే నాదీ అంతే!" పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆమె కూడా దుకాణం మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. ఉన్నట్టుండి నవ్వు ఆగిపోయింది. ఈ ముఖాన్ని అక్క రోజూ చూసింది! చూస్తూనే ఆ మాట అంది! ఒళ్లంతా భగ్గుమంది. తాళంచెవి తన గుప్పిట్లో ఉంది. తిరిగి వెళ్లకపోతే అక్క అరిచినా వినేవాళ్లుండరు. ఆ ఆలోచన హాయిగా అనిపించింది, అందుకే తన మీద తనకే భయమేసింది.

మందులతో పాటు పెద్దాయన ఇచ్చిన చేతి అద్దమూ పట్టుకుని మేడెక్కింది. తాళం తీసేసరికి అక్క గోడకానుకుని, వణుకుతూ కూర్చునుంది.

"నిన్ను చూసి ఎవరైనా అరిచారా?"

"ఎందుకరుస్తారు? ఎందుకే అంత అబద్ధం చెప్పావు?"

అక్క తల దించుకుంది. "నాన్న నన్ను అన్న మాటే అది. నా ముఖాన్ని. నేనొక్కదాన్నే అలా ఉండటం భరించలేక నిన్నూ కలుపుకున్నా."

చెల్లెలి కోపం ఎటుపోయిందో! "ఓసి పిచ్చిదానా! నీ అంత చక్కటి ముఖం నాకెందుకు రాలేదా అని ఇన్నేళ్లూ కుళ్లి చచ్చానే!"

అద్దం ఎదురుగా పెట్టింది. అక్క కళ్లు గట్టిగా మూసేసుకుంది.

"ముందు నువ్వు చెప్పవే, ఎలా ఉంటానో."

చెల్లెలు నుదుటి దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. గడ్డం మీది పుట్టుమచ్చ దాకా వచ్చేసరికి అక్క ఒక కన్ను తెరిచింది.