కాక్‌పిట్‌లోకి నర్సక్క వెళ్ళింది, నేను వెళ్ళలేదు

నిన్న పొద్దున మిడిల్ పాయింట్‌లో నా టైలరింగ్ షాపు షట్టర్ ఎత్తుతుంటే ఫోన్ వచ్చింది. నర్సక్క కూతురు.

"పిన్నీ, అమ్మ లెగట్లేదే..."

షట్టర్ సగంలో వదిలేసి, దొరికిన ఆటో ఎక్కి గరాచర్మ వెళ్ళాను. దారంతా ఏదో పొరపాటు అయ్యుంటుందనే అనుకున్నాను. మొన్న సాయంత్రమే కదా, పులుసులో చింతపండు ఎంత వెయ్యాలని ఫోన్‌లో నాతో గొడవ పెట్టుకుంది!

నిద్రలోనే పోయింది. తను కష్టపడలేదు, ఎవరినీ కష్టపెట్టలేదు.

చావులో కూడా అక్కకే అదృష్టం.

నిజం చెప్తున్నాను, నాకు మొదట వచ్చిన ఆలోచన అదే. ఏడుపు తర్వాత వచ్చింది.

నర్సక్క మా పెద్దమ్మ కూతురు. మా నాన్నలిద్దరూ శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకి వచ్చి జంగ్లీఘాట్‌లో చేపల వేట మొదలుపెట్టినవాళ్ళు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం. నాకంటే కొన్ని నెలలే పెద్ద, అయినా అక్కా అని పిలిపించుకునేది.

తన జడ నా జడ కంటే పొడుగు. తన చేతి కూర నా కూర కంటే రుచి. నేను మనసుపడ్డ ఊదారంగు చీర కూడా తనకే వచ్చింది. అవన్నీ భరించాను.

భరించలేనిది ఒక్కటే. కాక్‌పిట్.

మాకు పెళ్ళిళ్ళైన కొత్తలో, వైజాగ్‌లో మేనమామకి సీరియస్‌గా ఉందంటే ఇద్దరం ఓడలో వెళ్ళాం. మావయ్య కోలుకున్నాడు. తిరిగి రావడానికి ఓడ లేదు. మావయ్య కొడుకు మమ్మల్ని మద్రాసు తీసుకెళ్ళి విమానం ఎక్కించాడు. ఇద్దరికీ అదే మొదటిసారి.

ఆ రోజుల్లో ప్యాసింజర్లకి కాక్‌పిట్ చూపించేవారు. మా బిక్కమొహాలు చూసి ఎయిర్ హోస్టెస్ నవ్వి, ఒక్కొక్కరే వచ్చి చూడమంది. "కాక్‌పిట్ దేఖ్‌నా హై? ఏక్ ఏక్ కర్‌కే ఆయియే."

"నానెల్లొచ్చీసి నిన్నంపుతాన్లే," అంటూ అక్క లేచింది.

వెళ్ళింది.

రాలేదు.

నేను కుచ్చిళ్ళు సర్దుకుని, సీటు అంచున కూర్చుని ఆ తలుపు వైపే చూస్తున్నాను. నా కిటికీలోంచి రెక్క తప్ప ఏమీ కనబడదు. ఈలోగా విమానం కిందికి దిగడం మొదలైంది. బెల్టులు పెట్టుకోమన్నారు. అప్పుడొచ్చింది అక్క, మొహం వెలిగిపోతూ.

"మరి నా వంతు?" అన్నాను.

"అయిపోనాదే లచ్చీ! ఏటి సెయ్యను, కెప్టెన్ సాబ్ అన్నీ సెప్తా ఉంటే రాబుద్ధి కాలేదు."

ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు నేను అక్కతో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏ పెళ్ళికి వెళ్ళినా అదే కథ.

"గోడంతా గడియారాలేనమ్మా! ఎంతెత్తున ఉన్నామో ఒకటి సెప్తాది, ఎంత జోరుగా ఎల్తన్నామో ఇంకోటి సెప్తాది. ముందు అద్దంలో అంతా నీలం, నీలం, నీలం... బస్, ఒక్కసారే మన దీవులు! పచ్చగా, సుట్టూ తెల్లటి నురగ!"

అందరూ నోరు తెరుచుకుని వినేవాళ్ళు. నేను తల వంచుకుని అన్నం కలుపుకునేదాన్ని. అదే విమానంలో నేనూ ఉన్నానా అని ఒక్కరూ అడగరు.

పోనీ, పెద్దయ్యాకైనా వదిలిందా? మనవరాలి ఫోన్‌లో విమానాలు లైవ్‌గా కనబడే యాప్ పట్టుకుంది. వరండాలో కూర్చుని, "అదిగో, చెన్నై ఫ్లైట్ ఇటు తిరిగినాది, వచ్చేస్తన్నాది" అనేది. కాసేపటికి ఇంటి మీదుగా హోరు. వీధి వీధంతా అక్క చుట్టూనే.

కిందటేడు నాకూ ఒక ఛాన్స్ వచ్చింది. మా అమ్మాయి సింగపూర్ టూర్‌కి తీసుకెళ్ళింది. పెద్ద విమానం. నా ముందే స్క్రీన్. అందులో మ్యాప్, ఎత్తు, వేగం. ముందున్న కెమెరాలోంచి ఆకాశం కూడా. దిగగానే అక్కకి వీడియో కాల్ చేశాను. పైలట్‌కి కనిపించేదంతా నా సీట్లో కూర్చునే చూశానని చెప్పాను.

"మంచిదే లచ్చీ," అంది. "కెప్టెన్ నీతో మాటాడినాడేటి?"

ఫోన్ కట్ చేసేశాను.

నిన్న సాయంత్రం, మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చాక, ఆడవాళ్ళం వరండాలో కూర్చున్నాం. అక్క మనవరాలు వచ్చి నా పక్కన చేరింది. పిల్ల కళ్ళు వాచిపోయాయి.

"చిన్నమ్మమ్మా, కాక్‌పిట్ కహానీ చెప్పవా? అమ్మమ్మతో నువ్వు కూడా లోపలికెళ్ళావు కదా."

"ఎవరే చెప్పింది?"

"అమ్మమ్మే. లచ్చి నా పక్కనే నిలబడింది, మన దీవుల్ని అందరికంటే పహలే చూసింది అదే అని. నువ్వు లేనప్పుడు హమేషా అలాగే చెప్పేది."

పక్కింటి బెంగాలీ ఆవిడ కూడా తనకీ అలాగే చెప్పిందని తల ఊపింది. "హా దీదీ, హమ్‌కో భీ బోలా థా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళలో నా ఎదురుగా ఒక్కసారి ఆ మాట అంటే నోరు పడిపోయేదా!

"నేను వెళ్ళలేదమ్మా. అక్కే వెళ్ళింది. నా వంతు వచ్చేలోపు విమానం దిగిపోయింది," అన్నాను.

ఎవరూ నమ్మలేదు. పిల్ల నా చెయ్యి నిమిరి, "దుఃఖంలో అలా అంటున్నావులే" అంది.

సరేనని చెప్పడం మొదలుపెట్టాను. గడియారాలు, కెప్టెన్ సాబ్, నీలం, నురగ. ఎన్నిసార్లు విన్నానో ఏమో, ఎక్కడా తడబడలేదు. దీవులు కనబడే చోటికి వచ్చేసరికి పిల్ల ఊపిరి బిగబట్టి నా నోటి వైపే చూస్తోంది.

"ముందు చూసింది నర్సక్కే," అన్నాను.

కుళ్ళు ఇంకా పోలేదక్కా. ఇంత తొందరగా పోదు కూడా.

వెళ్ళిరా. ఎక్కడున్నా చల్లగా, నిశ్చింతగా ఉండు.