బంగారుపాళ్యం బస్సులో క్రిస్మస్ కేకు

అడగకముందే మన అక్కర ఎరిగిన దేవునికి స్తోత్రం.

మొన్న క్రిస్మస్ సువార్త కూటాలు ముగించుకుని, గుంటూరు తిరిగి వెళ్లడానికి బంగారుపాళ్యంలో తిరుపతి బస్సెక్కాను. పక్క సీట్లో ఒక అవ్వ. కోడలికి వచ్చే నెల కాన్పట. అంతవరకూ నీసు ముట్టనని మొక్కుకుని, తిరుమల కొండ నడిచి ఎక్కడానికి పోతోంది. నా దగ్గర నక్షత్రాల కవరులో క్రిస్మస్ ప్లమ్ కేకు ఉంది. సగం ఇచ్చాను. కళ్లకద్దుకుని తినేసింది.

"బాగుండాదప్పా. చక్కెర పొంగలిని ఇటికరాయి మాదిరి కోసినట్టుండాది."

కవరు పారేయబోతూ చూస్తే ఎర్ర గుర్తు! అందులో గుడ్డు కలిసింది. తిండితో ఎవరినీ అభ్యంతరపెట్టి, వాళ్ల నిష్ఠ చెడగొట్టకూడదని సంఘంలో బోధించేవాడిని, దాచలేక చెప్పేశాను.

"అయ్యో, నా మొక్కు! కోడలికేమన్నా అయితే?" అవ్వ ఏడుపందుకుంది.

"అది కేకవ్వా, కోడి గాదు," అన్నాడు కండక్టరు.

"నువ్వూరుకో అబ్బా!" అని నా వైపు తిరిగింది. "తినిపించినోడివి నువ్వే. మీ దేవుడికి చెప్పు, ఆయన మా సామికి చెప్తాడు. పెద్దోళ్లు పెద్దోళ్లు మాట్లాడుకుంటారు."

అది వాక్యానుసారం కాదని వివరించబోయాను. ఆమె అప్పటికే చేతులు జోడించింది. కండక్టరు టికెట్లు కొట్టడం ఆపాడు. ఇక లేచి నిలబడి, ఆ తల్లీబిడ్డల కోసం కన్నీటితో ప్రార్థించాను. నేను ఆమేన్ అనేలోగా బస్సంతా "గోవిందా!" అంది. అవ్వ కళ్లు తుడుచుకుంది.

ఆ కాన్పు సుఖంగా జరగాలని మీరూ నాతో ప్రార్థించండి. చివర ఆమేన్ మాత్రం గట్టిగా అనండి. ఆ రోజు నాది ఎవరికీ వినబడలేదు.