దండాసి చూడకుండా చెప్పిన పిట్ట

బర్మాలో ట్వంటే కాలవ గట్టున తెలుగు బడిలో నాలుగో తరగతి దాకా చదివిన దండాసికి పిట్టల విషయంలో తప్పన్నది లేదు. ఈక చూపిస్తే పేరు చెప్పేవాడు. కూత వింటే ఆడో మగో చెప్పేవాడు. జనం పుణ్యానికి కొని వదిలే పిట్టల్ని పగోడా మెట్ల దగ్గర అమ్మి తాకేటా పేటలో చెక్క ఇల్లు కట్టాడు. పనసపాల జిగురు రాసిన పుల్లతో, ఎగిరే పిట్టను రెక్క కింద తాకి పట్టిన మొనగాడు యాంగోన్ మొత్తానికి అతనొక్కడే. పెద్ద బడిలో సైన్సు చెప్పే మేష్టరంతటివాడు ఒక గుడ్డు పట్టుకుని, ఇది దేనిదో చెప్పమని అతని గుమ్మం ఎక్కాడు.

అంతటి దండాసిని 1988 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం వీధి కాపలావాళ్లు సాక్ష్యానికి లాక్కుపోయారు.

వీధి చివర వెదురు బొంగులు, తారు పీపాలు అడ్డం పెట్టిన చోట అప్పటికే ఒక శవం ఉంది. పొద్దున దొరికిన మనిషి. తల ఒకచోట, మొండెం ఒకచోట. సైనిక ప్రభుత్వం మీద జనం తిరగబడ్డ రోజులు. పోలీసులు పారిపోయారు, జైళ్లు తెరుచుకున్నాయి, మంచినీళ్లలో విషం కలిపేవాళ్లు తిరుగుతున్నారని ఊరంతా పుకారు. తీర్పూ వీధిదే, కత్తీ వీధిదే. తల మీద ఎవరో సిమెంటు గోనె కప్పారు గానీ ఈగలు ఆగలేదు.

దాని పక్కనే ఫ్రాంక్లిన్ మోకాళ్ల మీద ఉన్నాడు. తెలుగువాడే, బాప్టిస్టు గుడి వెనక ఉంటాడు, ఓడల్లో వంటవాడిగా తిరిగొచ్చినవాడు. ఎడమ చెవి సగం తెగి మెడ మీదికి వేలాడుతోంది. ముందు నాలుగు ఇంజెక్షన్ సీసాలు, వాటిలో ఎర్రటి నీళ్లు.

చూడగానే దండాసికి వారం కిందట టీ కొట్లో ఫ్రాంక్లిన్ అన్న మాట గుర్తొచ్చింది.

"మావా, దారి పక్కన నీళ్లకుండల కాడ నూరువరహాల పొద నేదా, అక్కడ హమ్మింగ్ బర్డు సూసాను. బ్రెజిల్ రేవులో సూసినదే. గాల్లో నిలబడి పువ్వుల్లో తేనె తాగతాది, సిన్న పిట్ట."

"ఏటి, టిక్కెట్టు కొనుక్కొని వొచ్చిందేటి? దేశం తలుపులేసుకొని ఇరవయ్యారేళ్లయింది, మనుసులకే దారి నేదు! ఓడ దిగినావు గానీ నీకు కైపు దిగనేదురా!"

దండాసి ఎగతాళికి కొట్టంతా పడీపడీ నవ్వింది. పంతం కొద్దీ ఫ్రాంక్లిన్ ఆ పొదకు రంగు కలిపిన పంచదార నీళ్ల సీసాలు కట్టాడు, సరిగ్గా దారిన పోయేవాళ్లు తాగే కుండల పక్కన.

కాపలావాళ్ల పెద్ద కో టున్, రేవు కూలీ, కత్తి భుజాన పెట్టుకుని బర్మా భాషలో అడిగాడు. "దండాసి గారూ, ఇవి పిట్ట కోసమంటున్నాడు. ఆ పిట్ట ఈ దేశంలో ఉందా, లేదా?"

"తాగి సూపిత్తానన్నాను మావా!" ఫ్రాంక్లిన్ అరిచాడు.

ఆ అరుపు కో టున్‌కు అర్థమైంది. "పొద్దున వాడూ తాగాడు. విరుగుడు మింగే వస్తారు వీళ్లు."

"లేదని ఈయనే చెప్పాడుగా! అందరం విన్నాం!" చేపలమ్మే మనిషి గుంపులోంచి కేక వేసింది.

ఉందంటే చూపించమంటారు. లేదంటే ఫ్రాంక్లిన్ తల తెగుతుంది.

"నేను చూడలేదు," అన్నాడు దండాసి బర్మా భాషలోనే. "చూడకుండా చెప్పాను. ఇతను చూసిందేదో పొద్దుగూకేలోగా చూపిస్తాను."

"చూపించకపోతే తెగేది రెండు తలలు," అన్నాడు కో టున్.

దండాసి ఒక సీసాలోని ఎర్రనీళ్లు పూలగుత్తుల మీద వంచి, ఇంటి నుంచి తెప్పించిన జిగురు పుల్ల పట్టుకుని పక్కనే ఉన్న పొద దగ్గర కూర్చున్నాడు. వెనక ఎవరో ఇటుక విసిరారు. ఫ్రాంక్లిన్ భుజం ఎముక విరిగిన చప్పుడు వినబడింది. దండాసి తల తిప్పలేదు.

ఎండ దిగే వేళకు ఒకటి జుమ్మని వచ్చింది. గాల్లో నిలబడి పువ్వులోకి సన్నటి గొట్టం దించింది. ఒక్క చూపులో తెలిసిపోయింది దండాసికి. అది ముక్కు కాదు. తల మీద రెండు మీసాలున్నాయి. పగలు తిరిగే చిమ్మెట, రెక్కల పురుగు!

అయినా కదల్లేదు. పువ్వు పువ్వుకూ తిరిగి తాగనిచ్చాడు. కో టున్ కళ్లతో చూశాడని రూఢి చేసుకున్నాకే పుల్ల తాకించాడు.

"పిట్ట కాదు," అన్నాడు.

కత్తి పైకి లేచింది.

"చిమ్మెట. మీసాలు చూడు. ఈ మనిషి చూసి పొరబడ్డాడు. నేను చూడకుండానే నవ్వాను, నాది పెద్ద తప్పు. ఇది తాగింది ఈ ఎర్రనీళ్లే. చస్తుందేమో నువ్వే కాపలా కాయి."

దాని మీద గాజు గ్లాసు బోర్లించారు. పొద్దు పూర్తిగా వాలే దాకా గుంపు నిలబడింది. గ్లాసులో రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి. చివరికి కో టున్ కత్తి దించి, ఆ ఉక్రోషంతో ఫ్రాంక్లిన్ డొక్కలో తన్నాడు. "పో!"

దండాసి అతన్ని భుజాన వేసుకుని శవం పక్కనుంచి నడిచాడు. మొండెం పక్కన ఒక చిన్న సీసా పగిలి ఉంది. అందులో ఏముందో పొద్దున ఎవరూ చూడలేదు.

సందు తిరిగాక ఫ్రాంక్లిన్ నెత్తురు ఉమ్మి మూలిగాడు. "మావా... నువ్వు పట్టింది యేరే. నాను సూసింది పిట్టే."

ఆ పిట్ట ఈ దేశంలో లేదన్న మాట దండాసికి నోటి దాకా వచ్చింది, మింగేశాడు.

"రేపు ఆ పొద కాడ ఇద్దరం కూకుందారి," అన్నాడు. "సూసే సెప్తాను."