ఇరవై ఏడో పాఠం దగ్గర ఆగిన బడి

మధుర నుండి సూలూరు వైపు నేను చేసిన ప్రయాణానికి కారణం ఒక ఉత్తరం. అందులో ఉన్నది ఇంతే: "మహారాజశ్రీ సెక్రటరీ దొరవారి సముఖమునకు. నల్లపాళెం బడి ఉపాధ్యాయుడు వెంకటాచలం వాంతిభేది తగిలి ఒక్క పూటలో కాలం చేసెను. బడి యథాప్రకారము జరుగుచున్నది. చిత్తగించవలెను. ఇట్లు, విధేయుడు వెంకటాచలం."

చేతిరాత వెంకటాచలానిదే. నేను ప్రమాణం చేసి చెప్పగలను. ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చే బడిలో మేమిద్దరం రెండేళ్లు ఒకే బల్ల మీద కూర్చున్నాం. వాడు 'ళ' రాస్తే తోక చుట్టుకుని పడుకున్న పిల్లిలా ఉండేది. ఉత్తరంలో ఆ పిల్లి ఉంది.

నేను మధురలో కొలువు చేస్తున్న సంఘం కోయంబత్తూరు, మధుర జిల్లాలలోని తెలుగు పల్లెలలో వయసు వచ్చినవాళ్లకు చదువూ, దానితోపాటు వడ్రంగమో నేతో నేర్పించడానికి ఏర్పడింది. బడి ఒక్కింటికి ఒక ఉపాధ్యాయుడు, ఒక పనిముట్ల పెట్టె. మొదటి ఉత్తరానికి సంఘం సెక్రటరీ దొర నవ్వాడు. మరుసటి నెల అదే చేతిరాతతో నివేదిక వచ్చింది. పై నెలా వచ్చింది. అప్పుడు దొరకు కోపం వచ్చింది.

"బ్రతికి ఉంటే వాణ్ణి ఉద్యోగం నుండి తీసివేయండి. చచ్చి ఉంటే, వాడి సంతకం చేస్తున్నవాణ్ణి తాసీల్దారుకు అప్పగించి, బడి మూసేసి రండి" అని నన్ను పంపాడు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. వెంకటాచలం పోయాడన్న మాట మీద కూడా నమ్మకం కలగలేదు. తాగుడు మరిగి వేళాకోళం చేస్తున్నాడేమోనని తిట్టుకుంటూ బయలుదేరాను.

తెల్లవారి ఆరు గంటలకు మధురలో రైలెక్కాను. మూడో తరగతి పెట్టెలో కూర్చోవడానికి చోటు దొరికింది గాని కాళ్లు పెట్టుకోవడానికి దొరకలేదు. మధ్యాహ్నానికి తిరుచినాపల్లి. అక్కడ బండి మారాలి. రెండణాల భోజనంలో అన్నం బాగుంది, రసం మాత్రం వేన్నీళ్లకు మిరియం చూపించినట్టుంది. తరువాత వెళ్లేవారు పెరుగన్నం కట్టుకుపోవడం మంచిది. చీకటి పడేసరికి ఈరోడ్డు చేరి సత్రంలో పడుకున్నాను. నల్లులు తప్ప మరే ఇబ్బందీ లేదు.

మరునాడు ఏడు గంటల బండిలో నా ఎదుట ఒక పత్తి వ్యాపారి కూర్చున్నాడు. మాటల్లో నల్లపాళెం బడికి వెళ్తున్నానని చెప్పాను. నోట్లో ఆకు నమలడం ఆపాడు.

"ఆ బడికా సామీ? మధ్యాన్నం పూట ఆ పక్క పోవద్దండ. నా బండివాడు రెండు తడవలు వినె. సచ్చిపోయిన వాధ్యారు దగ్గుతుండాడు."

"ఎవరో ఒకరు దగ్గి ఉంటారు."

"ఒకరా? ముప్పై మంది గొంతులో ఒకే దగ్గు సామీ" అని అతను కిటికీ వైపు తిరిగిపోయాడు.

సూలూరుకు దగ్గరి స్టేషనులో తొమ్మిదింటికి దిగి ఒంటెద్దు బండి మాట్లాడుకున్నాను. దారి పొడుగునా నల్లరేగడి. పత్తి ఏరేసిన చేలు, మధ్య మధ్య లోతైన బావులు. బావుల దగ్గర ఎద్దులు మోట లాగుతుంటే తోలేవాళ్లు పాడుతున్నారు. ఈ పక్క మోటను కవలై అంటారు. పాటలోనే లెక్క ఉంటుంది: ఎన్నో బాన పైకి వచ్చిందో చెబుతూ పోతారు. ఇన్ని బానలకు ఒక మడి తడుస్తుందని వాళ్లకు తెలుసు.

ఊరి పొలిమేరలో బండివాడు ఎద్దును ఆపేశాడు. అక్కడినుంచి నడిచి పొమ్మన్నాడు. గట్టు మీద నలభై ఏళ్ల రైతు ఒకడు తలగుడ్డ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"వస్తిరా సామీ. ఇంత ఆలస్యం చేస్తిరే."

నేను వస్తున్నట్టు ఎవరికీ రాయలేదు. అతని పేరు రంగసామి నాయుడు. బడిలో చదువున అందరికన్న ముందున్న విద్యార్థి. వెంకటాచలం ఏడి అని అడిగాను.

"పొయ్యిరి గదా. రాస్తిమే."

"ఎవరు రాశారు?"

"పొద్దు నెత్తికొచ్చె. ముందు బడి చూడండ" అని నడిచాడు.

ఎద్దులను విప్పి మేత వేసే వేళే ఇక్కడ బడి వేళ. మిట్టమధ్యాహ్నం, ఊళ్లో కాకి కూడా అరవడం లేదు. తాటాకుల కొట్టంలో ముప్పై మంది దాకా కూర్చుని ఉన్నారు. నలుగురు ఆడవాళ్లు కూడా. అందరి ముఖాలూ ఒక ఖాళీ ముక్కాలిపీట వైపు. పీట మీద వాచకం తెరిచి ఉంది, పేజీ ఎగిరిపోకుండా పైన గులకరాయి. పక్కన వడ్రంగపు బల్ల మీద సగం కోసిన టేకు చెక్క. రంపం చెక్కలోనే ఇరుక్కుని ఉంది, తుప్పు పట్టి. మూడు నెలలుగా దాన్ని ఎవరూ తాకలేదని చూస్తేనే తెలుస్తుంది.

ఎవరూ సైగ చేయలేదు. అందరూ ఒక్కసారి మొదలుపెట్టారు.

"ఇరవై ఏడవ పాఠము. శుచి, శుభ్రము."

అది వెంకటాచలం గొంతు. ముక్కుతో పలికే ఆ 'శు' వాడిదే. ప్రతి వాక్యానికీ చివర కొంచెం పైకి లేచే పలుకు వాడిదే. ఆడవాళ్ల నోటా అదే, ముసలివాళ్ల నోటా అదే. మూడో వాక్యం తరువాత ముప్పై మందీ కలిసి దగ్గారు. రెండు పొడి దగ్గులు, ఒక చిన్న సకిలింపు. చలికాలం పొద్దున్నే నా పక్క చాప మీద విని విని నేను విసుక్కున్న దగ్గు అది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, పారిపోదామనిపించింది.

"ఊరు విడిచి పోయినవాడు తిరిగి వచ్చినప్పుడు ముందుగా..."

అక్కడ ఆగిపోయారు. ఎవరూ కదలలేదు. పీట వైపు చూస్తూ, వక్క నమిలి ఉమ్మేంత సేపు అలాగే కూర్చున్నారు. తరువాత లేచి ఒక్కొక్కరే బయటికి వెళ్లిపోయారు.

నేను రంగసామి నాయుణ్ణి రెక్క పట్టుకుని ఆపాను. "ఏమిటిది? ఎవరు నేర్పారు మీకు ఈ నాటకం?"

"నాటకం కాదు సామీ. ఆ మాట కాడ వాధ్యారు కడుపు పట్టుకొని లేస్తిరి. పొద్దు గూకకముందే పొయ్యిరి. పాట తెగిపొయ్యె. మేము ఏం చేసేది?"

అప్పుడు చెప్పాడు, కవలై కట్టు, అంటే మోట తోలేవాళ్ల కట్టుబాటు. పాడుతూ తోలేవాడు పక్షవాతమొచ్చో, పాము కరిచో పడిపోతే కొత్త పాట ఎత్తుకోకూడదు. లెక్క తప్పిపోతుంది, మడి ఎండిపోతుంది. పడినవాడి గొంతుతోనే, వాడి ఎత్తుతోనే పాటను నిలబెట్టి ఉంచాలి. వాడితో ఒకే కాడి కింద ఎద్దులు తోలిన జతగాడు వచ్చి, ఆగిన మాట నుంచి అందుకోవాలి. అందుకున్నాక అది బ్రతికినవాడి పాట. వాడు ఎవరి చేతికి తాడు ఇస్తే వాళ్లు తమ గొంతుతో పాడుకోవచ్చు.

"పుస్తకం నీకు చదవడం వచ్చునా?"

"కడ దాకా వచ్చును సామీ. చదవకూడదు గదా."

"మరి ఉత్తరాలు?"

"నేనే రాస్తిని. నా చెయ్యి పట్టి ఒక సంవత్సరం దిద్దించిరి. ఆయన చెయ్యే నా చెయ్యి."

"సంతకం కూడా వాడిదే పెట్టావు. అది నేరమయ్యా. నిన్ను తాసీల్దారుకు అప్పగించమని నాకు ఉత్తరువు ఉంది."

అతనికి భయం కన్నా ఆశ్చర్యం ఎక్కువ కలిగింది. "నా పేరు రాసేది నాకు తెలుసు సామీ. ఆయన బడికి నా పేరు పెడితే అదే గదా దొంగతనం? ఆయన జతగాడు ఎవరో మధురలో ఉండాడని చెప్పేవారు. చూసి వస్తాడని రాస్తా ఉంటిమి."

ఆ జతగాణ్ణి నేనే. చనిపోయాడన్న కబురు వచ్చిన మొదటి నెలలోనే నేను రావలసింది. వేళాకోళం అనుకుని మధురలో కూర్చున్నాను. ఆ తప్పుకు ఈ మనిషి తాసీల్దారు ముందు నిలబడబోతున్నాడు.

ఆ రోజు అతని ఇంటి అరుగు మీద ఉన్నాను. జొన్న సంగటి, చింతాకు పచ్చడి పెట్టారు. బాగున్నాయి గాని సగం విడిచిపెట్టాను. వాళ్లావిడ నీళ్లచెంబు ఇస్తూ, "కాచిన నీళ్లే సామీ. వాధ్యారు పోయినాంక ఈ ఊర్లో పచ్చి నీళ్లు ఎవరూ తాగేది లే" అంది.

మరునాడు మధ్యాహ్నం వాళ్లకన్న ముందే కొట్టంలోకి వెళ్లాను. గులకరాయి తీసి పీట మీద కూర్చున్నాను. పీట వెచ్చగా ఉంది. తాటాకుల సందులోంచి ఎండ పడి ఉంటుంది. వాళ్లు వచ్చారు, మొదలుపెట్టారు, దగ్గారు. "ముందుగా..." అని ఆగారు.

ముప్పై జతల కళ్లు నా మీద ఉన్నాయి. శిక్షణ బడిలో వాణ్ణి వెక్కిరించడానికి వాడి గొంతు ఎన్నిసార్లు పట్టానో లెక్క లేదు. ఆ పూట వెక్కిరించడానికి కాదు. రెండుసార్లు దగ్గాను, సకిలించాను, ముక్కుతో అందుకున్నాను.

"...కాళ్లును చేతులును కడుగుకొనవలెను. కాచి చల్లార్చిన నీరు మాత్రమే త్రాగవలెను."

ఆ నీటి మాట నోట్లోంచి వచ్చాక గాని నాకు తట్టలేదు. వాణ్ణి బ్రతికించగలిగిన మాట ఆ పేజీలోనే ఉంది, ఒక్క వరస కింద. నాకు ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

పుస్తకం రంగసామి నాయుడి చేతిలో పెట్టి, "పట్టుకో" అన్నాను. అతను లేచి నిలబడి ఇరవై ఎనిమిదో పాఠం చదివాడు. గొంతు బొంగురు, పలుకు మొరటు, రెండు చోట్ల తడబడ్డాడు. ఎవరూ దగ్గలేదు. పాఠం అయ్యాక అతను వెళ్లి రంపం పిడి పట్టుకున్నాడు. కీచుమంటూ కదిలింది.

బయలుదేరే ముందు అతను ఆ నెల నివేదిక రాసి ఇచ్చాడు. అక్షరాలు అవే, పిల్లి తోకతో సహా. కింద మాత్రం "రంగసామి" అని ఉంది. సిరా అక్కడ కొంచెం వెడల్పుగా పారింది.

మర్నాడు పొద్దున్నే తిరుగు బండి ఎక్కాను. దొరకు ఇవ్వవలసిన నా నివేదికను ఒడిలో పెట్టుకుని పెన్సిలుతో రాశాను: ఉపాధ్యాయుడు చనిపోయిన మాట నిజం, సంతకం మోసం కాదు, ఆ పల్లె కట్టు, మోసమని తోస్తే, తొలి కబురుకే వెళ్లని నా ఉద్యోగం ముందు తీసివేయవలెను, బడి రంగసామి నాయుడి చేతిలో నడవనివ్వవలెను. దొర ఒప్పుకుంటాడో లేదో తెలియదు. నా మట్టుకు నాకు, ఇంతకన్న బాగా నడిచే బడి రెండు జిల్లాలలోనూ కనబడలేదు.

కరూరు దాటాక ఎదుటి బల్ల మీద ముసలమ్మ ఒకతె మూట విప్పి నాలుగు మిరియాలు నా అరచేతిలో పోసింది.

"నమలు సామీ. ఎక్కినప్పటి కాడి నించి దగ్గుతానే ఉండావు."

నాకు దగ్గు లేదు. ఎన్నడూ లేదు. మిరియాలు నోట్లో వేసుకుని నివేదిక చివరికి వచ్చాను. 'ఇట్లు' అని రాసి, చెయ్యి ఎవరి పేరు రాస్తుందోనని కాసేపు చూస్తూ కూర్చున్నాను. తరువాత ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ నా పేరు రాశాను.