మాటలు వినిపించే పెట్టె

మా కొత్త టీవీ అప్పడమంత పలచన. బొమ్మకు వంక పెట్టడానికి లేదు. మాటే, దాని వీపు వైపు నుంచి బయటికి వచ్చి గోడకు తగిలి అక్కడే ఉండిపోతుంది. పాత టీవీ బియ్యం డబ్బాలా ఉండేది. అది మాట్లాడితే వంటింట్లో పోపు వేస్తున్నా వినబడేది. పలచనివి కొనుక్కుంటే పలచని మాటలే వస్తాయని నేను ముందే చెప్పాను. చెప్పానని ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.

మిగతావాళ్లం సర్దుకుపోయాం. మా ఆయనకు కుదరలేదు. ఆయన బతుకుతెరువుకి ఈ బెంగాలీ ఊరొచ్చి ఖిదిర్‌పూర్ రేవు దగ్గర ఓడలు బాగుచేసే ఒక షెడ్డులో ఇనపరేకుల మీద సుత్తి కొట్టి కొట్టి ముసలాడైన మనిషి. ఆ చప్పుడు కొంత చెవుల్లోనే ఉండిపోయిందని నాకు తెలుసు. ఆయన ఒప్పుకోడు. టీవీ సౌండు పెంచుతాడు. పెంచితే గోడకు అవతల ఉన్న బెంగాలీ అమ్మాయి పసిబిడ్డ నిద్ర లేస్తుంది. ఆ అమ్మాయి మంచిది, తలుపు తట్టి నవ్వుతూనే చెబుతుంది. అలా రెండు మూడు సార్లు చెప్పించుకున్నాక ఆయన సాయంత్రం పూట కుర్చీ తీసుకుని వరండాలోకి పోవడం మొదలుపెట్టాడు. ఏమని అడిగితే, “ఆ సీరియల్ ఏడుపులు ఎవడు సూస్తాడే? ఇక్కడయితే గాలి తగులుతాది” అన్నాడు. అబద్ధం. ఆ ఏడుపులంటే నాకన్నా ఆయనకే ఇష్టం. ఏ అత్త ఏ కోడలి మజ్జిగలో ఏం కలిపిందో నాకు గుర్తుండదు, ఆయనకు ఉంటుంది.

పగలంతా మా ఇంట్లో ఎవరి పని వాళ్లది. కొడుక్కి కార్పొరేషన్ ఉద్యోగం, కోడలు బట్టల కొట్టులో పని చేస్తుంది, మనవరాలికి కాలేజీ. ఐదుగురం ఒక్క చోట కూర్చునేది టీవీ ముందు ఆ కాసేపే. అందులో ఒక కుర్చీ వరండాలోకి పోతే ఇంక ఆ కాసేపు కూడా లేనట్టే. ఆ కుర్చీ మళ్లీ లోపలికి రావాలి. నేను డబ్బు తియ్యడానికి ఒప్పుకున్నది అందుకే, మరి దేనికీ కాదు.

“టీవీకి సౌండు పెట్టె కొందారి” అని ఒక పొద్దున్న నేనే అన్నాను. నా నోట కొందాం అనే మాట విని మా అబ్బాయి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“అమా, జొరం గానీ తగిలిందేటి నీకు?”

“తగిలితే నీ జేబులోంచే మందు కొంటాన్లే. పెట్టె సంగతి సెప్పు.”

వాడు వెంటనే ఫోన్ తీసి ఐదు పెట్టెల సరంజామా చూపించాడు. ముందు మూడు, వెనక రెండు, మూలకి పీటంత ఇంకోటి. సినిమా హాల్లో కూర్చున్నట్టే ఉంటుందట. మా గది చూస్తే సోఫా, మంచం, బీరువా, దేవుడి అర. వాటి మధ్య నడవాలంటే పక్కకు తిరగాలి.

“ఆ ఎనకాల పెట్టెలు ఎక్కడ ఎడతావురా? దేవుడి నెత్తిమీదా?” అన్నాను.

కోడలు తెలివైనది. సౌండ్‌బార్ చాలంది. టీవీ కింద రూళ్లకర్రలా పొడుగ్గా ఒకటే ఉంటుందట, టీవీ నుంచి దానికి ఒకటే తీగ వెళుతుందట. ఒకటే తీగ అన్న మాట నాకు నచ్చింది. తీగలుంటే దుమ్ము పడుతుంది, ఆ దుమ్ము తుడిచేది నేను. నా వైపు నుంచి ఒక షరతు కూడా పెట్టాను. కొత్త రిమోట్ రాకూడదు. ఉన్న ఒక్క రిమోట్‌ని సోఫా సందుల్లో వెతకడానికే మాకు పుణ్యకాలం గడిచిపోతోంది. టీవీ రిమోట్‌తోనే ఈ పెట్టె సౌండు కూడా పెరగాలి, తగ్గాలి. అలాంటివి ఉంటాయని మనవరాలు చెప్పింది. సరే అన్నాను.

ఆదివారం అందరం కలిసి బజారులో దుకాణానికి వెళ్లాం. దుకాణం అతను బెంగాలీ మనిషి, మాటకారి. ఇక్కడ అన్న అనడానికి దాదా అంటారు. మేం వెళ్లగానే ఒక సౌండ్‌బారూ, దానికి జతగా నేల మీద పెట్టే బేస్ పెట్టె ఒకటీ చూపించి డప్పుల పాట పెట్టాడు. దసరా పూజ పందిట్లో ఢాక్ డప్పు వాయించినట్టు కాళ్ల కింద నేల అదిరింది. మా అబ్బాయి మొహం వెలిగిపోయింది.

“చూశారా మాశీమా! తిన్నగా గుండెల్లో తగులుతుంది” అన్నాడు దాదా. మాశీమా అంటే వాళ్ల భాషలో పిన్ని.

ఈ ఊళ్లో ముసలిదాన్ని అయ్యాను, నాకు బెంగాలీ భయం లేదు. “గుండెల్లో తగలక్కర్లేదు దాదా, చెవుల్లో తగిలితే చాలు. పాటలు ఆపి మాటలు పెట్టు” అన్నాను.

“మాటల కోసం సౌండ్‌బార్ కొనేవాళ్లని ఇప్పుడే చూస్తున్నాను” అని నవ్వుతూ బెంగాలీ వార్తలు పెట్టాడు. వార్తలు చదివే అమ్మాయి మొహం ఆ పెద్ద టీవీ నిండా ఉంది. నేను మా ఆయన పక్కకు చేరి, “ఏటంటంది మావా?” అని అడిగాను.

“గాలివాన వస్తాదట. గంగ మీద లాంచీలు ఆపేసారట.”

నిజమే, అదే చెప్పింది. ఇంకాసేపు ఆగి మళ్లీ అడిగాను. మళ్లీ పొల్లు పోకుండా చెప్పాడు. నా పరీక్ష నాకే ముద్దొచ్చింది. పాటతో కాకుండా మాటతో పరీక్ష పెట్టిన నాకన్నా తెలివైనవాళ్లు లేరనుకుని, అదే ఇమ్మన్నాను. బేరమాడి తీగ ఊరికే ఇప్పించుకున్నాను. నచ్చకపోతే వారంలోగా మార్చి ఇస్తానని కూడా అనిపించుకున్నాను. అది నా అలవాటు. చీపురు కొన్నా ఆ మాట అడుగుతాను.

ఆ సాయంత్రం కుర్చీ వరండాలోంచి లోపలికి వచ్చింది. సీరియల్ మొదలైంది. అది హిందీలో తీసి, పైన తెలుగు మాటలు అతికించిన సీరియల్. మాకు వచ్చేవాటిలో అలాంటివే ఎక్కువ. సౌండు పెట్టె బాగానే మోగుతోంది, ఎవరు తలుపు వేసినా ఉరిమినట్టు ఉంది. కథలో కోడలు గుమ్మంలో నిలబడి అత్తతో ఏదో గట్టిగా అంది. మనవరాలు ఫోన్ చూసుకుంటూ ఆ మాట పోగొట్టుకుంది.

“తాతా, ఏమందావిడ?”

మా ఆయన వెంటనే అందుకున్నాడు. “‘మై ఇస్ ఘర్ మే నహీ రహూంగీ’ అంది. ఇంట్లో ఉండదట, ఎల్లిపోతాదట.”

మనవరాలు పకపకా నవ్వింది. “అదేంటి తాతా! టీవీ తెలుగులో మాట్లాడుతుంటే నువ్వు హిందీ ఎక్కడ విన్నావు?”

కొడుకూ కోడలూ కూడా తమాషా అనుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. సుత్తి దెబ్బల మధ్య ఆ షెడ్డులో మాట వినబడదు. బీహారు వాళ్లు, బెంగాలీలు, మన వాళ్లు, అందరూ ఎదుటివాడి నోరు చూసి మాట పట్టుకునేవారు. అందులో మా ఆయనకు పేరు. ఆ దూరాన మేస్త్రీ పెదవి కదిపితే ఇక్కడ రేకు ఎత్తేవాడట. ఇప్పుడు ఈ సీరియల్లో పిల్ల పెదాలు హిందీ అంటున్నాయి, పెట్టె తెలుగు అంటోంది. ఆయన చెప్పింది పెదాల మాట. చెవిలోకి పెట్టె మాట వెళ్లనే లేదు. దుకాణంలో వార్తల అమ్మాయి మొహం అంత పెద్దగా పెట్టించి నేను పెట్టిన పరీక్ష చెవులకు కాదు, కళ్లకు.

“తమాసాకి అన్నానే గుంటా” అన్నాడాయన. కాసేపు కూర్చుని కుర్చీ ఎత్తుకుని మళ్లీ వరండాలోకి పోయాడు.

నేను వెనకే వెళ్లి ఆయనకు ఎదురుగా, దీపం వెలుగు నా మొహం మీద పడేలా నిలబడ్డాను.

“రేపు ఆ పెట్టె మార్సుకొద్దాం, మావా.”

“ఎందుకే? బాగానే ఉంది గదా.”

“బాగుంటే ఇక్కడెందుకు కూకున్నావు?”

ఆయన వీధిలో బస్సు పోయేదాకా దాన్నే చూశాడు. తరవాత, “పిల్లడికి సెప్పకు” అన్నాడు. “సెవిటోడినయిపోయానని సూస్తాడు. డాట్రు దగ్గరికి లాక్కుపోయి సెవిలో మిసను ఎట్టిస్తాడు. ఈది పొడుగునా నలుగురూ అడుగుతారు.”

“నానేటి సెప్పను. నువ్వు నోరు మూసుకుని నా ఎంట రా.”

మర్నాడు పిల్లలు పనులకు పోయాక ఇద్దరం ఆటో ఎక్కి, పెట్టెలు ఒళ్లో పెట్టుకుని వెళ్లాం. దాదాకు చిరాకు వచ్చింది గాని మాట ఇచ్చాడు కాబట్టి మింగేశాడు.

“ఇంత మంచి బేస్ నచ్చలేదా మాశీమా?”

“మీ పూజ పందిట్లో పెట్టుకో. మనుషుల గొంతు బాగా వచ్చేది తియ్యి” అని, నేనే రెండు స్టూళ్లు లాగి వీధి వైపు తిప్పి వేశాను. టీవీకి వీపు పెట్టి ఒకదాని మీద కూర్చున్నాను.

“టీవీ ఇటు వైపు ఉంది మాశీమా.”

“నాకు మెడ నొప్పి. ఇవాళ మేం వింటాం అంతే, చూడం.”

మా ఆయన నిలబడి నా వైపు చూశాడు. నేను చూడనట్టు కొంగు సర్దుకున్నాను. ఆయన వచ్చి రెండో స్టూలు మీద కూర్చున్నాడు. దాదా ఏమనుకున్నాడో నాకు తెలియదు. ముసలి మొగుడూ పెళ్లాం టీవీ దుకాణంలో వీధిని చూస్తూ కూర్చుంటే వచ్చేపోయేవాళ్లు మాత్రం చూశారు. చూస్తే చూడనీ.

ముందు మేం తెచ్చిన పెట్టెతోనే వార్తలు పెట్టమన్నాను. “ఏటంది?” అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంట్లో అంత తేలిగ్గా ఊపేవాడు కాదు. దాదా దాని బేస్ తగ్గించాడు, గొంతుల కోసమని వేరే బటన్ ఉంటే అది నొక్కాడు. కొంచెం తేట పడింది. అక్కడొక మాట, ఇక్కడొక మాట దొరికింది, మధ్యలోవి జారిపోయాయి. ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే. మూడోది పై అరలోంచి దుమ్ము దులిపి దించాడు. పొట్టిది, బేస్ పెట్టె లేదు, అన్నిటికన్నా చౌక. చౌకదంటే నాకు అనుమానం. పాడైపోతే రెండోసారి కొనాలి, అప్పుడు ఖరీదైనదానికన్నా ఎక్కువ పడుతుంది. అయినా పెట్టమన్నాను.

అది మోగగానే మా ఆయన వీధి మీది చూపు తీసేసి, తల కొంచెం పక్కకు వంచాడు.

“ఈయేడు ఇలిశ చేప పడలేదంట” అన్నాడు.

“ఇంకా?”

“సముద్రంలోకెళ్లిన పడవలు ఖాళీగా తిరిగొచ్చాయంట. అయితే కేజీ ఎంత సెప్తారో మరి.”

నేను లేచి దాదాతో సౌండు తగ్గించమన్నాను. తగ్గించి ఇంకో చానెల్ పెట్టించాను. అందులో ఇద్దరు ఫుట్‌బాల్ గురించి కొట్టుకుంటున్నారు. ఇద్దరూ ఒకేసారి అరిచినప్పుడు ఆయనకు తెలియలేదు. అలా అరిస్తే నాకూ తెలియదు. విడివిడిగా మాట్లాడినప్పుడు మాత్రం ఎవరు ఏమన్నదీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ వీపు నిటారుగా అవుతోంది. చాలు, అదే కట్టమన్నాను. టీవీ రిమోట్‌తో సౌండు పెరుగుతుందో లేదో నా చేత్తో నొక్కి చూసుకున్నాకే దుకాణం దిగాను. మిగిలిన సొమ్ము దాదా కొంచెం నసుగుతూ ఇచ్చాడు, నేను ఏ నసుగుడూ లేకుండా కొంగున ముడేసుకున్నాను.

సాయంత్రం మా అబ్బాయి చెప్పులు విప్పుతూనే టీవీ కింద చూశాడు.

“అమా! పెద్ద పెట్టేదీ? ఈ బుల్లి కర్రేటి?”

దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. ఆ బేస్‌కి నేల అదిరి పక్కింటి పాప లేస్తోందని చెప్పాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా. మా ఆయన కుర్చీలోంచి, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే అందుకున్నాడు.

“నాకు సెవులు సరిగ్గా ఇనబడవురా. పెద్దదాంట్లో గుభీ గుభీమని మోతే గాని మాట రాలేదు. దీంట్లో వస్తంది.”

మనవరాలు ఫోన్ పక్కన పెట్టి తాత కుర్చీ దగ్గరకు జరిగి కూర్చుంది. మా అబ్బాయి ఒక చెప్పు ఇంకా కాలికి ఉండగానే, “మరి ముందే సెప్పొద్దా నానా? డాట్రు దగ్గరికి...” అన్నాడు.

“ఎల్దాం. పూజలయ్యాక ఎల్దాం, మిసనెడితే ఎట్టనీ. ఇప్పుడు మాటాడకండి, ఆవిడ ఏటో సెప్తంది.”

నేను మా అబ్బాయికి ఆ పెట్టె తీగ ఎక్కడ తగిలించామో చూపిద్దామని లేచాను. “ఇదిగో, ఇక్కడ ఎనక్కి...” అని మొదలుపెట్టానో లేదో, ఆయన చెయ్యి గాల్లోకి లేచింది.

“నీకూ సెప్తన్నానే. కాసేపు నోరు మూసుకో.”

మా ఆయన నోరు మూసుకోమంటే మూసుకునే ఇల్లాలిని కాను నేను, మా వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ పూట మాత్రం మూసుకున్నాను. రాత్రి కూరకు బెండకాయలు తరగాల్సి ఉంది. కత్తిపీట చప్పుడు అడ్డం వస్తుందని అవి అలాగే ఒళ్లో పెట్టుకుని, సీరియల్ అయ్యేదాకా కూర్చున్నాను.