బల్బు కింద మనీప్లాంటు

తొంభైలలో మహబూబ్‌నగర్‌లో మా చీరల దుకాణానికి ఒక చాచా సైకిల్ మీద పూలకుండీలు తెచ్చేవాడు. ఏ మొక్క వాడినా ముందు ఆకు తిప్పి వెనక వైపు చూసేవాడు. తర్వాత, పిల్లల జ్వరం చూసినట్టు, ఆకు పక్కన వేళ్ల వెనక భాగం ఉంచేవాడు.

చీరలు మెరవాలని నేను కిందికి దించిన పెద్ద బల్బు కింద, చాచా దగ్గర కొన్న మనీప్లాంటు ఆకులు మాడాయి. కారణం వెతకకుండా, పైసా ఇవ్వకుండా ఉత్తగా ఇంకో కుండీ ఎట్లా రాబట్టాలా అని ఆలోచించాను. పక్క దుకాణదారు మా గడప ముందు చాచాతో నాలుగు కుండీలకు బేరం మాట్లాడుతుండగా అందుకున్నాను.

"ఏం చాచా, రోగం చెట్లు అంటగడుతున్నవా?"

పక్క దుకాణదారు బేరం వదిలి వెళ్లిపోయాడు. చాచా ఆకు తిప్పాడు, వేళ్లు ఉంచాడు, బల్బు వైపు చూశాడు. పైసలు అడగకుండా కొత్త కుండీ ఇచ్చాడు.

మా దుకాణంలో చీరలు చూస్తున్న గిరాకీ వెళ్లాక మెల్లగా అన్నాడు. "ఆకు ఎనుక పురుగు లేదు సేఠ్. బల్బు దిక్కున్న ఆకులే మాడినయ్, కిందియి పచ్చగనే ఉన్నయ్. సెగ తాకుతాంది."

"గప్పుడే చెప్పొద్దా?"

"గిరాకీ ముంగట మీ మాట పోతది గద."

పక్క దుకాణానికి పది అడుగులు. వెళ్లి తప్పు నాదని చెప్పలేదు. ఉత్తగా వచ్చిన కుండీని మాత్రం బల్బుకు దూరంగా జరిపి పెట్టుకున్నాను.