దుకాణం బంద్ కాలే, బాపు పోయిండు

ఈ వారం నేనొక ఘనకార్యం చేసిన. చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వినా ఏమనుకోను గానీ, నాకు మాత్రం ఇంకా నవ్వొస్తలేదు.

హుజూరాబాద్‌ల నాది ఫ్లెక్సీల దుకాణం. ముంగట "మీ ఫొటోలు మా దగ్గర భద్రం" అని నేనే కొట్టిచ్చిన పెద్ద ఫ్లెక్సీ. లోపట ఒకటే కంప్యూటర్, దాంట్ల రెండు సిస్టమ్‌లు. డిజైన్లకు విండోస్, బిల్లులు గిట్ల కట్టుటానికి లినక్స్. విండోస్ మాటికి హ్యాంగ్ అవుతుంది. తీసేసి మళ్ల ఎక్కియ్యాలె. కానీ పెండ్లిళ్ల సీజన్ల దుకాణం ఎట్ల బంద్ పెడతం? లినక్స్‌ల గిరాకీ చూసుకుంటనే, దాని లోపట నుంచే విండోస్ కొత్తగ ఎక్కిద్దామని ప్లాన్ ఏసిన. ఒక్క నిమిషం కూడ బంద్ ఉండొద్దు!

నా భార్య స్వరూప ముందే చెప్పింది. "ఏమయ్యా, ముందుగాల ఫొటోలు పెన్‌డ్రైవ్‌ల ఏసుకో. మామ ఫొటో అండ్లనే ఉన్నది."

"నాకు చెప్తున్నవా?" అన్న. ఈ మాట అన్నప్పుడల్ల నాకేదో ఒకటి అవుతది.

మా బాపు బతికినన్ని రోజులు సాంచాల మీద బట్ట నేసిండు. ఫొటో అంటే మొఖం తిప్పుకునేటోడు. నవ్విన ఫొటో ఒక్కటే, నా పాత ఫోన్‌ల తీసింది. ఆ ఫోన్ ఎప్పుడో ఖరాబైంది. ఎల్లుండి బాపు సంవత్సరీకం. ఆ నవ్విన ఫొటోనే పెద్దగ కట్టియ్యమని అవ్వ రోజూ యాది చేస్తుండె.

అసలు తప్పు డిస్క్ పంచిన రోజే అయింది. అన్నదమ్ములకు భూమి పంచినట్టు మూడు సమానం వాటాలు చేసిన. విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి, ఫొటోలకు ఒకటి. ఎవ్వరికి తక్కువ చెయ్యొద్దని నా న్యాయం! ఇప్పుడు స్క్రీన్ మీద చూస్తే పేర్లు లేవు, మూడు ఒకటే సైజు. ఏది ఎవరి వాటానో చూసుకునే లోపట ఒకాయన తలకాయ పెట్టిండు. "తమ్మీ, జర కరెంట్ బిల్లు కట్టు, నాకు బస్సున్నది."

దుకాణం బంద్ లేదు గదా! ఆయన బిల్లు కట్టుకుంటనే, విండోస్‌ది ఇదే అనుకొని ఇటు ఒక వాటా మీద ఫార్మాట్ నొక్కిన.

విండోస్ మస్తుగ ఎక్కింది. ఫొటోల వాటా మీద ఎక్కింది.

రికవరీ పెట్టిన. ఎవరెవరి పెండ్లి ఫొటోలో వచ్చినయ్. బాపు నుదురు దాకనే వచ్చిండు, కిందంత బూడిద రంగు. కూసున్న కాడనే ఏడ్చిన. బాపును రెండోసారి పోగొట్టుకున్నట్టే అయింది.

ఇంటికి పోయి అవ్వకు చెప్పిన. తిడుతదనుకున్న. తిట్టలే. "దినాలకు కొట్టిచ్చిన ఫ్లెక్సీల గా ఫొటోనే ఉండె గద కొడుకా. మల్లవ్వ అడిగి తీస్కపోయింది, మేకల కొట్టం మీద కప్పుతనని," అన్నది.

మా దిక్కు అంతే. దినాలు కాంగనే ఆ ఫ్లెక్సీ ఎవరో ఒకరు అడుగుతరు. వానకు పనికొస్తది.

మల్లవ్వది వెనుక వాడ. ఉరికిన. కొట్టం మీద ఎండల బాపు నవ్వుకుంట ఉన్నడు. రంగు ఎలిసింది. ఒక మూలకు మేక నమిలింది. మొఖానికేం కాలే.

"ఏడాది సంది కొట్టంల ఒక్క సుక్క కారలే బిడ్డా," అన్నది మల్లవ్వ. "మీ బాపు మంచిగ కాసిండు. ఇప్పుడు తీస్కపోతే మేకలు తడువయా?"

దాన్ని ఇప్పుకొని తెచ్చిన. తెల్లారి దాన్నే ఫొటో తీసి, పెద్దగ కొట్టి, పటం కట్టిచ్చిన. అవ్వ శానాసేపు చూసింది. "జర ఎలిసిండు. ఆఖరికి గట్లనే ఉండె," అని కొంగుతోని అద్దం తుడిచింది.

మల్లవ్వకు బదులు ఇయ్యాలె గదా? నా దుకాణం ముంగటి ఫ్లెక్సీ ఇప్పి ఇచ్చిన. ఇప్పుడు ఆ మేకల కొట్టం మీద "మీ ఫొటోలు మా దగ్గర భద్రం" అని ఉన్నది. ఆడ ఉంటేనే ఆ మాట నిజం.